ఐదు గంటల అరలీటరు

మంగళవారం సాయంత్రం ఐదు దాటి పది నిమిషాలకి హేమచంద్ర ఫోన్ టింగుమంది. ఇంటి దగ్గరున్న బీరు పీపాలో, అంటే కెగ్గులో, పద్నాలుగున్నర లీటర్లు ఉన్నాయని చూపించింది. పది నిమిషాల క్రితం పదిహేను ఉన్నాయి.

జర్మనీలోని వాల్డార్ఫ్ ఆఫీసులో మీటింగు నడుస్తోంది. మేనేజరు ఏదో అడిగాడు. హేమచంద్ర నవ్వుతూ తలూపాడు, దాంతో మరో పని అతని నెత్తిన పడింది. పడితే పడనీ అనుకున్నాడు. దొంగ దాదాపు దొరికినట్టే. అదీ అల్లాటప్పా దొంగ కాదు, సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామగారు.

భాస్కరమూర్తి గారు కాకినాడలో మద్యపాన నిషేధ సంఘానికి అధ్యక్షులు. మూడు వారాల క్రితం భార్య కౌసల్యతో కలిసి కూతురు ప్రతిమ ఇంటికి వచ్చారు. వచ్చిన రోజే, సూట్‌కేసులు పెట్టడానికి బిల్డింగు కింద కెల్లర్ అనే నేలమాళిగలోకి దిగి, బియ్యం, మినప్పప్పు బస్తాల పక్కన మెరిసిపోతున్న స్టీలు కెగ్గుని చూశారు. అందులో అల్లుడు తన చేత్తో కాచిన పంతొమ్మిది లీటర్ల బీరు ఉంది. దాని కింద ఎలక్ట్రానిక్ కాటా. కుళాయి తిప్పి ఒక్క గ్లాసు పట్టుకున్నా బరువు తగ్గుతుంది, ఇంకా ఎంత మిగిలిందో ఫోన్‌కి కబురొస్తుంది.

మామగారికి కాటా గొప్పతనం తలకెక్కలేదు. ఇందులో విషమేమీ లేదండీ, ఉన్నదల్లా బతికున్న ఈస్టు, ఇక్కడివాళ్ళ రొట్టె పొంగేది కూడా దీంతోనే అని హేమచంద్ర పావుగంట పాఠం చెప్పాడు. మామగారు తిరిగి గంట పాఠం చెప్పారు. ఆ రెండు పాఠాలూ శ్రద్ధగా విన్నది, సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డ కౌసల్య ఒక్కతే.

చివరికి తీర్పు వెలువడింది. మే ఒకటిన బిల్డింగువాళ్ళ మేఫెస్ట్ విందులో ఆ బీరంతా అందరికీ పోసెయ్యాలి, మర్నాటి నుంచి పీపా కంటికి కనిపించకూడదు. ప్రతిమ తండ్రి వైపే ఓటేసింది. రెండేళ్ళు పులియబెట్టి పారబోసి, మూడో ఏడు కుదిరిన బీరు అది. హేమచంద్రకి ఏడుపొక్కటే తక్కువ. మామగారున్నన్నాళ్ళూ చుక్క ముట్టనని ఒట్టు కూడా వేశాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్ టింగుమనడం మొదలుపెట్టింది. రోజు విడిచి రోజు, ఐదింటికి, కచ్చితంగా అరలీటరు.

ఐదింటికి మామగారు వాకింగుకి బయల్దేరతారు. ఆరింటికి కూనిరాగం తీస్తూ తిరిగొస్తారు. మెట్లు దిగితే పక్కనే కెల్లర్. ఇంకేం కావాలి?

పైగా ఈమధ్య ఆయన హుషారు చూసి తీరాలి. వచ్చిన కొత్తలో ఈ చలికి పిండి పొంగట్లేదని, ఇడ్లీలు రాళ్ళలా ఉన్నాయని భార్యని సాధించిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే ఎనిమిది లాగించి, దూదిలా ఉన్నాయే అని మురిసిపోతున్నారు. తాగినవాడికి రాళ్ళు కూడా దూదిలాగే ఉంటాయని హేమచంద్ర లోలోపల నవ్వుకున్నాడు. అలా నవ్వుకుంటూ తనూ ఆరు తినేవాడు.

మామగారిని పట్టుకోగలిగితే కెగ్గు దక్కుతుంది, ఉపన్యాసాలు ఆగిపోతాయి. కానీ మీరు తాగారా అని పెద్దమనిషిని ఎలా అడుగుతాడు? సాక్ష్యం కావాలి.

గురువారం పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు కెల్లర్‌లోకి దిగాడు. గ్యాసు వదిలి, మూత తీసి, కేకుల్లో వేసే ఎర్ర రంగు సీసాడూ కెగ్గులో వంపేశాడు. అక్కడి గుడ్డిదీపం వెలుతురులో రంగు ఎవరికీ తెలీదు, తాగినవాడి నాలుక మాత్రం దాచినా దాగదు. మేఫెస్ట్ సంగతా, బెర్లిన్‌లో గోధుమ బీరులో ఎర్ర సిరప్పు కలుపుకుని మరీ తాగుతారు, వీళ్ళూ తాగుతారు.

సాయంత్రం ఐదింటికి ఫోన్ టింగుమంది. పద్నాలుగు లీటర్లు. హేమచంద్ర ఆఫీసు కిచెన్‌లో రెండు స్టెప్పులేశాడు. ఇంటికెళ్ళేసరికి మామగారు పడుకున్నారు. పడుకోనీ, రేపు సెలవే కదా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున టేబుల్ దగ్గర మామగారూ ప్రతిమా కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు.

"మావయ్య గారూ, ఒక్కసారి మీ నాలుక చూపిస్తారా?"

అల్లుడికి తన ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధా అని భాస్కరమూర్తి గారు పొంగిపోయి, నోరంతా తెరిచారు. హేమచంద్ర ఫోన్ టార్చి వేసి అటూ ఇటూ చూశాడు. నాలుక గీకి కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఎరుపు జాడ లేదు.

ఏమిటిదంతా అని ప్రతిమ నిలదీసింది. చెప్పక తప్పలేదు. ఫోన్‌లో తేదీలు, లీటర్లు, ఐదు గంటల వాకింగు, ఎర్ర రంగు, అన్నీ బయటికొచ్చాయి. వంటింట్లో ఏదో గిన్నె చేతిలోంచి జారిన చప్పుడైంది.

మామగారు కోప్పడలేదు, అదే భయంగా ఉంది.

"ఈ ఇంట్లో అడుగుపెట్టాక మీ అత్తగారి ఇడ్లీ తప్ప నేను ఇష్టంగా ముట్టింది ఏదీ లేదు, అల్లుడు గారూ," అన్నారు నెమ్మదిగా. "ఇంత మాట పడ్డాక ఆ పీపా ఇక్కడుండటానికి వీల్లేదు. కౌసల్యా, ఆకలేస్తోంది. ఇంకా ఏం చేస్తున్నావు?"

పొద్దుటి నుంచీ వంటింట్లోంచి బయటికి రాని కౌసల్య ఇడ్లీ కుక్కర్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మూత మీద చెయ్యి వేసి భర్త వైపు ఓసారి చూసింది. ఆ తర్వాత తీసింది.

పదహారు ఇడ్లీలు. పదహారూ గులాబీ రంగులో ఉన్నాయి.

"దాంతో రొట్టె పొంగుతుందన్నారు కదా బాబూ," అంది అల్లుడి చెవి దగ్గర, వినీ వినపడనట్టు.

మద్యపాన నిషేధ సంఘం అధ్యక్షుల వారు ఒకటి తుంచి, చట్నీలో ముంచి, కళ్ళు మూసుకుని నమిలారు.

"రంగుదేముందిలేవే. మనూరెళ్ళాక కూడా పిండిలో ఇదే కలుపు."