ఇరవై సెకన్లు

గంట మోగలేదు.

సోషల్ మేష్టారు చేతిగడియారం చూసుకున్నారు. మాట్లాడడానికిచ్చిన ఐదు నిమిషాలు దాటి ఇరవై సెకన్లయింది. అవతలి బడి కుర్రాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

అప్పుడు మోగింది.

పొద్దున్నుంచీ మేష్టారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. రేకుల కప్పు కింద నడిచే ఆయన బడి నుంచి ఒక పిల్ల చర్చాపోటీకి రావడం ఇదే మొదటిసారి.

నాలుగేళ్లు వరసగా ఉత్తరాలు రాస్తే ఈ ఏడు పిలుపొచ్చింది. వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల ఏకంగా ఫైనల్ దాకా నెట్టుకొచ్చింది.

ఆ పిల్ల మాట్లాడుతుంటే మేష్టారు కూర్చోలేకపోయారు. ప్రతి రౌండుకీ వరండాలోకి పోయి, గోడకి చెవి ఆనించి విన్నారు.

ఫైనల్లో మాత్రం గుండె చిక్కబట్టుకుని లోపలే ఉన్నారు. ఇంటికిచ్చే హోంవర్కు ఉండాలా, వద్దా అన్నది విషయం. వద్దని తన పిల్ల దంచేసింది. ఉండాలని అవతలి కుర్రాడు మొదలుపెట్టాడు.

మధ్యలో వాడికి మాట అడ్డుపడింది. నోరు తెరిచాడు, శబ్దం రాలేదు.

జడ్జీల బల్ల చివర గంట దగ్గర కూర్చున్న నెరిసిన జుట్టావిడ స్టాప్‌వాచీ నొక్కింది. వాడి గొంతు పెగిలాక మళ్లీ నొక్కింది.

మేష్టారు కళ్లారా చూశారు. పెద్దబడి పిల్లాడు గనకే ఈ మర్యాద అనుకున్నారు.

కాసేపటికి ఫలితం చెప్పారు. తన పిల్ల అరమార్కు తేడాతో ఓడింది.

మేష్టారు విసురుగా లేచారు. పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"సార్, ఒక్క మాట..."

"నువ్వుండమ్మా."

నేరుగా నిర్వాహకుడి దగ్గరికెళ్లారు. గంట కొట్టే మనిషి పక్షపాతం చూపిందన్నారు. ఇలాంటివాళ్లని కూర్చోబెడితే చిన్నబళ్లు బతికి బట్టకట్టవన్నారు. ఆవిణ్ణి లేపేదాకా కదలనన్నారు.

నిర్వాహకుడు ఇబ్బందిగా ఆవిణ్ణి పిలిచి అడిగాడు.

ఆవిడ దాచలేదు. "పిల్లాడికి మాట రాలేదండీ. వచ్చేదాకా ఆపాను. తప్పయితే తప్పని రాసుకోండి."

రూలు రూలే. గడువు దాటినందుకు కుర్రాడికి ఒక మార్కు కోశారు. గెలిచినవాళ్లకిచ్చే కప్పు చేతులు మారింది.

ఆవిడ ఒక కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి నిర్వాహకుడికిచ్చింది. చేతిసంచి తీసుకుంది. ఏడుస్తున్న కుర్రాడి దగ్గర వంగి, చెవిలో ఏదో చెప్పి, వాడు తలూపాక బయటికి నడిచింది.

మేష్టారు అటు చూడనైనా లేదు. ఆయన కప్పు మీద బడి పేరు ఎక్కడ చెక్కించాలా అని చూస్తున్నారు.

పిల్ల ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"ఏమ్మా, గెలిచాం కదా?"

"ఆవిడ నాకూ ఆపారు సార్."

"ఎప్పుడు?"

"మొదటి రౌండులో. నోరెండిపోయి అంతా మర్చిపోయాను. వాచీ ఆపి, నీళ్లు తాగమని సైగ చేశారు. మీరప్పుడు వరండాలో ఉన్నారు."

మేష్టారి చేతిలో కప్పు ఒక్కసారిగా బరువెక్కింది. దాన్ని పిల్లకిచ్చి గేటు దాకా పరుగెత్తారు.

రోడ్డు నిండా జనం. వెళ్లిపోతున్న బస్సు కిటికీలన్నీ వెతికారు. ఆవిడ కనిపించలేదు.

ఆయాసపడుతూ తిరిగొచ్చేసరికి నిర్వాహకుడు కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్పిస్తున్నాడు. మేష్టారు ఆవిడ చిరునామా అడిగారు. కాళ్ల మీద పడైనా క్షమాపణ చెప్పుకుంటానన్నారు.

ఆవిడ ఇక ఈ గుమ్మం తొక్కనని రాసిచ్చి వెళ్లిందని, చిరునామా ఎవరికీ ఇవ్వొద్దందని నిర్వాహకుడు చెప్పాడు.

"ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

నిర్వాహకుడు చేతులు దులుపుకుని ఆయన వైపు చూశాడు.

"మీ బడిని పిలవడం కమిటీలో ఎవరికీ ఇష్టం లేదు సార్, ఆవిడొక్కరే పట్టుబట్టారు. బడిని సిఫార్సు చేసినవాళ్లు మార్కులు వెయ్యకూడదంటే, పద్దెనిమిదేళ్లుగా కూర్చున్న జడ్జి కుర్చీ వదిలేసి వచ్చి గంట దగ్గర కూర్చున్నారు."