సఫూరా గిన్నె

"సఫూరా గిన్నె ఖాళీగ ఎవలు వాపస్ పంపిన్రు?"

చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగాడు మహేందర్. చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంది.

"గిన్నెకు గింత లొల్లా?" వంటింట్లోంచి వచ్చింది పద్మలత.

"గిన్నె లొల్లి గాదు. పక్కింటి షుకూర్ భాయ్ నన్ను సందు మొగన ఆపి, 'ఇంట్ల అంత మంచిదేనా' అని అడిగిండు. కంపెనీ మూతవడ్డదని ఇన్ని దినాలు ఎవ్వలకు తెల్వనియ్యలే. నీ ఒక్క గిన్నెతోని వాడంత ఎరికైంది. చిటికెడు చక్కెరన్న వెయ్యకపోతివా?"

"మీరు రోజు ఖాళీ డబ్బా వట్టుకొని మేడ్చల్ దాంక పోయొస్తలేరా? డబ్బా పోవచ్చుగని గిన్నె పోవద్దా?"

మహేందర్ తల్లి వైపు తిరిగాడు. దుర్గాబాయి మూలన కూర్చుని నూకలు చెరుగుతోంది.

"నువ్వే చెప్పమ్మా. మనింట్లకెల్లి ఎన్నడన్న ఖాళీ గిన్నె గడప దాటిందా?"

"మా అత్త దాటనియ్యలే కొడుకా," అందామె చేట మీంచి తల ఎత్తకుండా.

"ఇన్నవా?"

పద్మలత అత్తగారి చేట వైపు చూసింది. తర్వాత కొంగు బిగించి, "నేనే పంపిన. ఏం జేస్తరు?" అంది.

అంతలో షుకూర్ భాయ్ భార్య సఫూరాయే వాకిట్లోకి వచ్చింది.

"కొట్లాడకున్రి అక్కా. గిన్నె ఖాళీగ వస్తేనే నాకు సమజైంది. మా దుకాణం పోయినప్పుడు నేను గూడ గిట్లనే తలుపులు మూసుకొని కూసున్న. సంఘంల ఆడోళ్లే వచ్చి లేపిన్రు. శామీర్‌పేటల మా సంఘం వంటశాల ఉన్నది, కంపెనీలకు క్యారేజీలు పంపుతం. ఒక మనిషి గావాలె. మహేందర్ భాయ్‌కి పని దొరికేదాంక బియ్యం, పప్పు సంఘమే ఇస్తది."

"మేం అడుక్కునేటోళ్లం గాదు," అన్నాడు మహేందర్.

"మరి మేం అడుక్కున్నమా భాయ్?" సఫూరా నవ్వలేదు. "పొద్దుగాల మా గేటు కాడ ఉంట అక్కా. వస్తే రా."

రాత్రి కంచాల్లో నూకల అన్నం, పచ్చిపులుసు.

"మల్ల గిదేనా?" కూతురు భవిత కంచం పక్కకు నెట్టింది. మహేందర్ తల వంచుకున్నాడు. దుర్గాబాయి మనవరాలి కంచంలో ఒక మూలన కాస్త చక్కెర వేసింది. పిల్ల మారాం మానేసి తినసాగింది.

ఇంట్లో చక్కెర ఎక్కడిదని పద్మలత అత్తగారి వైపు వింతగా చూసింది. కానీ నోటి దాకా వచ్చిన మాట వేరే ఉంది.

"రేపటి సంది నేను సఫూరాతోని పోతున్న. సంఘపు బియ్యం గూడ చీకట్ల దాసుకొని తేను. పట్టపగలు, అందరు సూస్తుండగ, గీ సందుల నుంచే నెత్తిన వెట్టుకొని తెస్త. సిగ్గైతే మీరు తలుపేసుకోన్రి."

మహేందర్ చేతిలో ముద్ద కంచంలో పడింది.

"పో. నిన్నెవ్వలు ఆపుతరు! ముందుగాలైతే మా అమ్మ కాళ్లు మొక్కి తప్పైందను. ఇన్నేండ్లు ఆమె నిలవెట్టిన పరువు ఒక్క గిన్నెతోని గంగల కలిపినవ్."

పద్మలత లేవబోయింది. దుర్గాబాయి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అదెందుకు మొక్కుతది కొడుకా? డబ్బా అడుగున ఉన్న చక్కెరంత ఊడ్చి అది గిన్నెల వోసి వెట్టింది. దాన్ని ఒంపి దాసి, ఖాళీగ పంపింది నేను."