ఆఖరి తేదీ దాకా

“ఓటీపీ వచ్చిందా అమ్మా?”

“రాలేదు బాబూ.”

ఆడిటరు మళ్లీ నొక్కాడు. ఆవిడ ఒళ్లో ఉన్న పాత ఫోను వంక చూసుకుంది. అది ఆమె భర్తది. ఇల్లు వదిలి వెళ్లిన రోజున చార్జింగ్‌లో పెట్టి వదిలేసిపోయాడు. మనిషి జాడ మళ్లీ తెలియలేదు. ఆనాటి నుంచీ ఆ ఫోన్ని ఆవిడ ఒక్క పూట కూడా ఆరిపోనివ్వలేదు, రీచార్జి మానలేదు.

పన్ను రిటర్నులకు అది ఆఖరి రోజు. గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఏడాదంతా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న జనం ఇవాళే నిద్ర లేచి, కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి, ఆడిటరుది నత్తనడకని విసుక్కుంటున్నారు.

“ఊరంతా ఒక్కసారే మీద పడితే సర్వరు మాత్రం ఏం చేస్తుంది?” అన్నాడు ఆడిటరు. “కాస్త ముందు రమ్మని ఏటా చెప్తూనే ఉన్నాను. ఉన్నదల్లా ఒక్క కొట్టు అద్దె. చిటికెలో అయిపోయే పని.”

“ముందే ఎలా వేస్తాం బాబూ? ఆయన రిటర్ను ఆయనే వేసుకునేవారు. ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఈలోగా వస్తే...”

మాట పూర్తి కాలేదు. పక్కన కూర్చున్న కూతురు మొహం తిప్పుకుంది.

“అమ్మా, మాటిచ్చావు. ఇదే ఆఖరుసారి.”

“ఇచ్చాను. కాదన్నానా?”

“రేపు కోర్టుకి వస్తావుగా?”

“వస్తానే.”

ఆడిటరు వేళ్లు ఆగాయి. “కోర్టు దేనికమ్మా?”

కూతురే చెప్పింది. “ఏడేళ్లు దాటింది కదండీ. నాన్న ఇక లేరని రాసిమ్మని అడగబోతున్నాం. కొట్టు పైకప్పు ఊడిపడుతోంది. బాగు చేయించాలన్నా ఆయన సంతకమే కావాలంటున్నారు. ఎన్నాళ్లని ఇలా? ఎదురుచూసి ఎదురుచూసి అమ్మ సగమైపోయింది.”

ఆవిడ ఒళ్లో ఫోన్ని చెంగుతో తుడిచింది. ఏటా ఈ రిటర్ను పడుతున్నంత కాలం ప్రభుత్వం లెక్కలోనైనా ఆయన బతికున్న మనిషి. రేపు ఆ పేరు తన చేత్తోనే కొట్టేయాలి.

“ఈ ఒక్కటీ సక్రమంగా వెళ్లిపోవాలి బాబూ. ఆలస్యమైందన్న మాట ఆయన ఎప్పుడూ పడలేదు.”

“వెళ్తుందమ్మా. ఓటీపీ ఒక్కటే అడ్డం.”

మళ్లీ నొక్కాడు. ఫోను చప్పుడు చెయ్యలేదు. వెనకాల ఎవరో వినబడేలా నిట్టూర్చారు.

“పోనీ నా నంబరుకి వచ్చేట్టు మార్చెయ్యండి,” అంది కూతురు.

“అది నావల్ల కాదమ్మా. నంబరు మార్చాలంటే ఎవరిది వాళ్లే ఆధార్ ఆఫీసుకెళ్లి వేలిముద్ర వెయ్యాలి. మీ నాన్నగారి వేలిముద్ర ఎక్కణ్నుంచి తెస్తాం?” అనేసి, అన్నందుకు నొచ్చుకున్నాడు.

“ఫోనే పాడైందేమో,” అంది ఆవిడ బెరుగ్గా.

కూతురు తన ఫోన్లోంచి రింగిచ్చింది. ఒళ్లో పాత ఫోను గణగణ మోగింది. పాపం, దానికేం జబ్బు లేదు.

ఓటీపీ అసలు ఎక్కడికి పోతోందో చూద్దామని ఆడిటరు కళ్లజోడు సవరించుకుని స్క్రీను మీదికి వంగాడు. ఆ పాత ఫోను నంబరు అడిగి పక్కన కాగితం మీద రాసుకున్నాడు. స్క్రీను మీది నంబరు వంక, దాని పక్కనున్న తేదీ వంక, కాగితం వంక మార్చి మార్చి చూశాడు.

“ఏమైంది బాబూ? గడువు దాటిపోయిందా?”

ఆడిటరు కుర్చీలోంచి లేచాడు. గదిలో గోల ఏదీ అతని చెవికెక్కుతున్నట్టు లేదు.

“మీవారు నిన్న నంబరు మార్చుకున్నారమ్మా.”