గోదావరిలో పోయినవాడు

రేపు పదోరోజు. పొద్దున్నే వెంకటవ్వ గాజులు పగలగొట్టాలి. నిన్నటిదాకా నేలపడి ఏడ్చిన మనిషి, ఇవాళ చేతులు కొంగులో దాచుకుని ససేమిరా అంటోంది. పాపం, మతి చెడిందన్నారు.

నిజామాబాదు నుంచి వచ్చిన అక్బారు పేపర్లో రాసింది ఒక్క ముక్కే: బాసర దగ్గర గోదావరిలో మునిగి ఎడపల్లి లింబయ్య చనిపోయాడు. వెంకటవ్వ మొగుడే.

ఎడపల్లిలో రెండు వాడలు. ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమంటుంది. లింబయ్యది మీది వాడ.

"మునిగే పిల్లల్ని కాపాడబోయి పానమిచ్చిండు" అని మీది వాడ పెద్ద ఆత్మారాం తేల్చేశాడు.

"పీకల్దాక తాగి పడ్డడు" అని కింది వాడ పెద్ద రాజనర్సు తేల్చేశాడు.

అక్బారులో పిల్లలూ లేరు, కల్లూ లేదు. అయినా ఎవరిక్కావాలి!

సరే, పురాణం విప్పారు. అదొక్కటే రెండు వాడలకూ దిక్కు. "నదిలో పోయినవాడు తిరిగి రాడు" అని ఉంది.

"అంటే మళ్ల జన్మ లేదు, మోక్షమే!" ఆత్మారాం సమాధికి గుంత తవ్వించడం మొదలుపెట్టాడు.

"అంటే మళ్ల జన్మ లేదు, దయ్యమై తిరుగుడే!" రాజనర్సు తన వాడలో గడపగడపకూ నిమ్మకాయలు కట్టించాడు.

ఇవాళ పంచాయితీలో ఒకాయన జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. జ్వరపడి లేచిన ముఖం.

"అక్బారుల తప్పు పడ్డది. మునిగింది నవీపేటాయన. పీనుగును మోసినోళ్లల్ల నేనొకన్ని."

"కింది వాడోళ్లు నేర్పిన మాటలా ఇవి?" ఆత్మారాం గుడ్లురిమాడు. సమాధి గుంత సగం తవ్వి ఉంది మరి!

"మీది వాడోడు నిజం చెప్పంగ ఎన్నడన్న విన్నమా?" రాజనర్సు వెక్కిరించాడు.

"ఆయన చెప్పేది జెర ఇనుండ్రి, మీ కాల్మొక్కుత" అని వెంకటవ్వ బతిమాలింది.

ఎవరు వింటారు? పెద్దలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పురాణం అబద్ధమాడదు. ఆ ఒక్క మాట మీద పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండు వాడలూ కలిశాయి. రేప్పొద్దున్నే గాజులు తీయాలని ఖాయం చేశారు.

వెంకటవ్వ బోరుమంది. ఆ మనిషి మళ్లీ నోరు తెరవబోయాడు.

"నువ్వూకో లింబయ్యా, సచ్చినోనికి పంచాయితీల మాటుండదు" అన్నాడు ఆత్మారాం.