‘గారు’ అన్నవాడు

“ఆ మూట పైటచాటున పెట్టుకో చౌడేశ్వరీ, క్విట్టిండియా కరపత్రాలు కనపడుతున్నాయి,” అన్నాడు ఆదిశేషయ్య, కొండపల్లిలో బొగ్గుతో నడిచే బస్సు దిగుతూనే.

“పాత వాలంటీర్లమంతా కలిసి ఏడాదైంది కదూ! శిబిరంలో నన్ను ‘అమ్మగారూ’ అన్నందుకు సాంబమూర్తి నెల్లాళ్ళు అందరి కంచాలూ తోమాడు, గుర్తుందా?”

ఆదిశేషయ్యకు నవ్వొచ్చింది. వాలంటీర్ల మధ్య గారూ గీరూ ఉండకూడదని ఆ శిక్ష పెట్టింది తనే. మళ్ళీ సాంబమూర్తి నోట ఆ మాట రాలేదు.

బెజవాడలో ఉన్న తమను కొండపల్లి రమ్మని కబురంపింది ఆ సాంబమూర్తే. పట్టపగలే అతని వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. బొమ్మలు చెక్కే చప్పుడైనా లేదు.

సాంబమూర్తి అరుగు మీదే నిలబడి చేతులు జోడించాడు. “రండి అమ్మగారూ, దయచెయ్యండి!”

చౌడేశ్వరి ఫక్కున నవ్వబోయింది. ఆదిశేషయ్య ఆమె మోచెయ్యి నొక్కాడు. ఓరగా వేసిన తలుపు సందులో పోలీసు బూట్లు, రెండు జతలు.

“బొమ్మలు కొందామని వచ్చామండీ. ఇల్లు పొరబడ్డట్టున్నాం.”

“అవునండీ. వెళ్ళిరండి, బాబుగారూ.”

వాళ్ళు వీధి మలుపు తిరుగుతుండగా వెనక తలుపు భళ్ళున తెరుచుకుంది. బూట్ల చప్పుడు, ఆ వెంటనే దెబ్బల చప్పుడు.

“తిరిగి చూడకు,” అన్నాడు ఆదిశేషయ్య. “వాడు తిరిగొస్తే, కంచాలు నేను తోముతాను.”