గుడ్లు పడకముందే

"ఏమవ్వా, మనవరాలి కోసమా?"

సాల్తా నగరంలో యూనివర్సిటీ మెట్ల మీద కూర్చున్న నెరిసిన జుట్టావిడను నాయ్రా పలకరించింది.

ఆవిడ నవ్వి, తను తాగుతున్న మాతే ఆకుల కషాయం బుర్రను అందించింది. "తాగు పిల్లా. చదువు అయిపోయిందా?"

"ఒక్క పరీక్ష ఉంది. తర్వాత మా కొండమీది ఊరికి, పియెద్ర ఓందాకి, లెక్కల టీచర్ని. అక్కడి బడిలో ఒక్కటే ఖాళీ. టీచరు లేక మా చెల్లి బడి మానేస్తానంటోంది."

ఆవిడ నాయ్రా ముఖంలోకి చూసింది.

"దరఖాస్తు పెట్టావా?"

"పట్టా రానీ అవ్వా!"

"పరీక్ష మిగిలినవాళ్ళూ పెట్టుకోవచ్చు. శుక్రవారం ఆఖరు."

"గుడ్లు పడకుండా టీచర్నని రాసుకుంటే అపశకునం!"

ఆఖరి పరీక్ష గట్టెక్కినవాళ్ళను స్నేహితులు గుమ్మంలోనే గుడ్లతో, పిండితో ముంచెత్తుతారు. అంతవరకూ ఎవరూ గొప్పలు పోరు.

"నీ శకునం కోసం ఆ కుర్చీ ఖాళీగా కూర్చుంటుందా?" అందావిడ.

గురువారం ఎదురైనప్పుడూ అదే పోరు. శుక్రవారం ఏకంగా చెయ్యి పట్టుకుంది.

"ఇవాళే ఆఖరు. నడు, ఆఫీసు దాకా నేనూ వస్తా."

"నీకెందుకవ్వా అంత తొందర?"

నాయ్రా చెయ్యి విడిపించుకుంది. పక్కనున్న స్నేహితులు పకపకా నవ్వారు.

తర్వాతి వారం నాయ్రా పరీక్ష గట్టెక్కింది. నెత్తిన గుడ్లు పగిలాయి. సొన కారుతుండగానే ఆఫీసుకు పరుగెత్తింది.

"ఆ బడికా? గడువు శుక్రవారంతో సరి," అన్నాడు గుమాస్తా. "ఒక్క దరఖాస్తే వచ్చింది, ఆవిడకే ఖాయం చేశాం. ఊరి పిల్లవి, పెట్టుంటే నీకే వచ్చేదమ్మా."

నాయ్రా ఏడుస్తూ బయటికొచ్చింది.

మెట్ల దగ్గర మళ్ళీ కేకలు. ఈసారి గుడ్లు పడుతున్నది ఆ అవ్వ మీద!

"నువ్వు... చదువుతున్నావా?"

"ముప్పై ఏళ్ళ కిందట వదిలేశాను. ఇవాళ్టితో అయిపోయింది."

"మరి ఉద్యోగం?"

"నువ్వు నాకు కనబడకముందే, ఆగస్టులోనే దరఖాస్తు పెట్టాను."

"ఎక్కడికి?"

ఆవిడ సొన అంటిన చేత్తోనే నాయ్రా కళ్ళు తుడిచింది.

"మీ చెల్లి పేరేంటి పిల్లా?"

నాయ్రాకు అప్పుడు అర్థమైంది. తన చెయ్యి పట్టుకుని ఆఫీసుకు లాక్కెళ్ళబోయిన మనిషి, ఆ ఒక్క ఉద్యోగానికి తనకు పోటీగా ఉన్న ఒకే ఒక్క మనిషి.