నాన్నకు మొహం

“ఈ నాన్న ఒక్క పేజీలో కూడా ఇటు తిరగడేంటండీ?”

ఎడిటర్ బొమ్మలన్నీ బల్ల మీద పరిచింది. గొడుగు పట్టిన నాన్న, పాపను ఎత్తుకున్న నాన్న, సైకిల్ నేర్పే నాన్న. అన్నీ వీపులే. ఆ వీపులో మాత్రం జీవం ఉట్టిపడుతోంది. కాస్త జారిన ఎడమ భుజం, మడతపడ్డ కాలరు, నడినెత్తిన పలచబడ్డ జుట్టు.

“కథంతా నాన్న నవ్వు గురించి. నవ్వెక్కడని పిల్లలడిగితే వీపు చూపించమంటారా?”

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే బొమ్మలమ్మ కాగితాల అంచులు సర్దింది. ఊహించి వేయడం ఆమెకు చేతకాదు. ఎవరో ఒకరిని చూసి వేయాల్సిందే. పోయిన పుస్తకంలో కోతి అచ్చం ఆమె మేనమామ. నక్క కళ్లు ఇంటి ఓనరువి. ఇంతవరకూ ఎవరూ పోల్చుకోలేదు కాబట్టి చుట్టరికమూ, అద్దిల్లూ నిలబడ్డాయి.

“ఈ వీపెవరిది?”

“మావారిది.”

“మరి మొహం?”

“గుర్తు రావట్లేదండీ.”

ఎడిటర్ గొంతు తగ్గింది. “ఫొటో ఏదైనా…”

“పెళ్లినాటిదుంది. అప్పటికింకా మీసమే సరిగ్గా రాలేదు. ఏ పిల్లకీ నాన్నలా లేరు.”

ఎడిటర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మలమ్మ చెయ్యి పట్టుకుంది. “సాయంత్రం పుస్తకం ప్రెస్సుకెళ్లిపోవాలి. మీ వల్ల కాకపోతే మొహాలు ఇంకొకరితో వేయిస్తాను. ఏమనుకోకండి.”

తన బొమ్మకు ఇంకెవరో తలకాయ పెట్టడమంటే కడుపున పుట్టిన బిడ్డను పంచుకోవడమే. బాధపడాలని ఆమెకు తెలుసు. బాధే రాలేదు. పన్ను పీకించుకున్నాక మత్తు దిగని చెంపలా ఉంది లోపలంతా.

ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకుంది. గీసింది, చెరిపింది. చెరిపీ చెరిపీ కాగితం నూగు లేచింది. బడి నుంచి వచ్చిన కూతురు తొంగి చూసింది.

“ఎవరమ్మా అది?”

“మీ నాన్న. ముక్కెలా ఉంటుందో చెప్పవే?”

“నాలాగే ఉంటుందని నాయనమ్మ అంటుందిగా.”

బొమ్మలమ్మ కూతురి ముక్కు చూసి ముక్కు గీసింది. “మరి నవ్వితే?”

“ఏమో. నేనెప్పుడు చూశాను?” అంటూ పిల్ల బూట్లు విప్పుకోవడానికి వెళ్లిపోయింది.

ఎడిటర్ ఫోన్ చేసింది. “బొమ్మలకు మనిషిని పంపమంటారా?”

“ఒక్క నిమిషం ఆగండి,” అని ఫోన్ బల్ల మీద పెట్టి, బొమ్మలమ్మ లేచి పక్కగది తలుపు తోసింది.

“ఏమండీ, ఒక్కసారి ఇటు తిరుగుతారా?”

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆయన, తల తిప్పకుండానే, “టీ అక్కడ పెట్టి వెళ్లు” అన్నాడు.